సీట్ల మేస్త్రీ కుట్టిన జాకెట్

ఆ వీధిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. సీట్ల మేస్త్రీ అంటే చాలు, పసిపిల్లలు కూడా ఇల్లు చూపిస్తారు. కార్లకీ వ్యాన్లకీ సీటు కవర్లు కుట్టే షెడ్డులో మీసాలు రాకముందు చేరాడు. ఆ మీసాల్లో తెలుపు వచ్చినా ఇంకా అక్కడే ఉన్నాడు. నేల మీద చతికిలబడి, ఊడదీసిన సీటుని ఒళ్లో పెట్టుకుని, పాత కవరు విప్పి, దాన్నే అచ్చుగా పరిచి కొత్తది కోస్తాడు. తొడిగాక అరచేత్తో రెండు దెబ్బలు వేస్తాడు. ఎక్కడా ముడత లేకుండా బిగిసి కూర్చుంటే పని అయినట్టు. గుడ్డకి ఊపిరాడకూడదు అనేది షెడ్డులో ఆయన మాట.

ఎవరి బండి ఎక్కినా మనిషి మొహం కంటే ముందు సీటు కుట్టు చూస్తాడు. "మీకు మనుషులు కనపడరండీ, వాళ్ల కింద కుర్చీలే కనపడతాయి" అని భార్య దెప్పుతుంది. ఆవిడ మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తుంది. పొద్దున్నే వెళ్లి, దీపాలు పెట్టే వేళకి కాళ్లీడ్చుకుంటూ వస్తుంది. ఇల్లు రెండు గదులు, ఒక వంటగది. ముందు గదిలో సగం మేస్త్రీ మిషనే ఆక్రమించింది. షెడ్డులో కొత్తది కొన్నప్పుడు పాతదాన్ని ఇంటికి తెచ్చుకున్నాడు. అది తిరిగితే గోడకున్న అద్దం వణుకుతుంది.

వాళ్లకి ఒక్కతే కూతురు. తల్లి కంటే బెత్తెడు పొడుగెదిగినా తండ్రి పిలుపులో ఇంకా 'పొట్టి'యే. ఆ పిల్ల విషయంలో మేస్త్రీకి భయం ఎక్కువ. పసిదిగా ఉన్నప్పుడు నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. ఇప్పుడు ముక్కు దగ్గర వేలు పెడితే పిల్ల ఊరుకోదు కాబట్టి, గుమ్మంలో నిలబడి దుప్పటి కదులుతోందో లేదో చూసి వెళ్తాడు.

పొట్టి బడిలో వాలీబాల్ ఆడుతుంది. టీములో చోటు కోసం చాలాకాలం బెంచీ మీద కూర్చుంది. టీములో ఉన్న ఒకమ్మాయి వాళ్ల నాన్నకి బదిలీ అయి వెళ్లిపోతే, ఆ ఖాళీలో ఆటల సారు దీన్ని తీసుకున్నాడు. అప్పటికే అందరికీ టీము జాకెట్లు వచ్చేశాయి. మళ్లీ ఒక్కదాని కోసం తెప్పించడం కుదరదన్నాడు సారు. "అదే రంగు, అదే తీరులో కుట్టించుకో. వరసలో నిలబడితే తేడా తెలియకూడదు."

బజారులో టైలర్లెవరూ ఒప్పుకోలేదు. వర్సిటీ జాకెట్ అంటే ఒళ్లు దళసరి ఉన్ని గుడ్డ, చేతులు రెక్సిన్. వాళ్ల మిషన్ల మీద రెక్సిన్ కుడితే సూదులు విరుగుతాయి. పిల్ల ఒక సాయంత్రం స్నేహితురాలి జాకెట్ అరువు తెచ్చి తండ్రి ముందు పెట్టింది. ముదురు నీలం ఒళ్లు, మీగడ రంగు చేతులు, మెడకీ మణికట్లకీ నడుముకీ సాగే అల్లిక పట్టీ, ముందు వరసగా టిచ్ బటన్లు. మేస్త్రీ దాన్ని తిరగేసి, లోపలి కుట్లు తడిమి, తేలిగ్గా నవ్వాడు.

"ఇందులో ఏముందే? రెండు చేతులున్న సీటు, అంతేగా!"

"మీ నాన్న నిన్ను బస్సులో బిగించేస్తాడే, జాగ్రత్త" అంది తల్లి వంటగదిలోంచి.

ఒక ఆదివారం మధ్యాహ్నం కొలతలు తీశాడు. బయట సన్నగా ముసురు పడుతోంది. పిల్లని గది మధ్యలో నిలబెట్టి, చేతులు కిందికి దించమని, టేపు చుట్టాడు.

"కదలకు."

"ఊపిరి పీల్చుకోవచ్చా నాన్నా?"

"కొంచెం కొంచెంగా పీల్చు."

సీటు కదలదు. ఎలా ఉన్నదాన్ని అలా కొలిచి, అంతకే కొయ్యడం ఆయనకి చేతికి పట్టిన విద్య. అలాగే కోశాడు, అలాగే కుట్టాడు. అల్లిక పట్టీని కాస్త పొట్టిగా కోసి, సాగదీస్తూ కుట్టడం ఎవరూ చెప్పకుండానే పట్టుకున్నాడు. తొడిగి చూస్తే చక్కగా ఒంటికి అతుక్కుంది. అలవాటు ప్రకారం రెండు భుజాల మీదా అరచేత్తో దెబ్బ వేశాడు. పిల్ల పళ్లు బిగించి కళ్లు మూసుకుంది.

"ఏమైందే?"

"నేను సీటుని కాదు నాన్నా!"

తల్లి నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు. "చేతులెత్తు చూద్దాం."

రెండు చేతులూ పూర్తిగా లేవలేదు. కాస్త లేచేసరికి జాకెట్ మొత్తం పైకెక్కి, కాలరు చెవుల దాకా వచ్చింది. దిష్టిబొమ్మలా ఉన్నావే అని తల్లి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. పిల్లా నవ్వింది. మేస్త్రీ మాత్రం మొహం చిన్నబుచ్చుకుని కత్తెర తీశాడు.

గుడ్డ కుట్టు విప్పాక కాస్త నీళ్లు చల్లి ఇస్త్రీ చేస్తే మచ్చ మాసిపోతుంది. రెక్సిన్ సంగతి అలా కాదు. సూది దిగిన చిల్లు మళ్లీ పూడదు. తప్పు కుట్టిన చేతులు పక్కన పడేసి కొత్తవి కొయ్యాల్సిందే. కోశాడు. ఈసారి చంక రౌండు కిందికి దించి వెడల్పు చేశాడు. ఎడమ చెయ్యి చెవి దాకా వెళ్లింది. కుడి చెయ్యి భుజం ఎత్తుకి వచ్చి ఆగిపోయింది.

"పట్టేస్తోందా?"

"ఊ."

"ఎక్కడ? చంక దగ్గరా?"

"ఊ. అక్కడే."

మేస్త్రీ మోచెయ్యి కింద చెయ్యి పెట్టి పైకి నెట్టాడు. గుడ్డ ఎక్కడ లాగుతోందో తెలియాలంటే చెయ్యి పైకి లేవాలి మరి. "ఇంకొంచెం. ఇంకొంచెం ఎత్తమ్మా, ఎక్కడ ముడత పడుతోందో చూడాలి." పిల్ల మొహం పక్కకి తిప్పుకుంది. పై పెదవి మీద చెమట పట్టింది. ఉన్ని గుడ్డ కదా, ఉక్కపోస్తోంది పాపం అనుకున్నాడు.

ఆ తర్వాత ఇల్లంతా రెక్సిన్ తుంపులే. మడతలు అతికించే సొల్యూషన్ వాసన దుప్పట్లకి కూడా పట్టింది. "అన్నం కూడా సొల్యూషన్ రుచే వస్తోంది" అని భార్య గొణిగేది. మేస్త్రీకి ఆ వాసన తెలియదు. ఏళ్లుగా పీల్చి పీల్చి ఆయన ముక్కు ఏనాడో మొద్దుబారింది. పిల్ల గదిలోంచి వచ్చే నొప్పుల మందు వాసనని ఆ వాసనే కప్పేసిందని అప్పుడు ఎవరికీ తట్టలేదు.

ఆయన చూపు మారింది. బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడేవాళ్ల చొక్కాలు వీపు మీద ఎలా లాగుతున్నాయో చూసేవాడు. షెడ్డు ఎదురుగా మూటలు దింపే కూలీ చెయ్యెత్తితే ఆ చంకలో గుడ్డ ఎటు జరుగుతోందో కళ్లార్పకుండా చూసేవాడు. "ఏంటి మేస్త్రీ, అలా చూస్తున్నావ్? బాకీ ఉన్నానా?" అన్నాడు ఆ కూలీ ఒకరోజు. ఇన్నేళ్లుగా కూర్చున్న మనిషినే ఎరిగిన ఆయనకి, కదిలే మనిషి కొత్తగా కనిపిస్తున్నాడు. చెయ్యి అనేది ఇన్ని దిక్కులు తిరుగుతుందని ఎప్పుడూ ఆలోచించలేదు.

మూడోసారీ అంతే. ఎడమది లేస్తుంది, కుడిది ఆగుతుంది. కుడి చెయ్యి కోసేటప్పుడు తన కత్తెర పక్కకి పోతోందనుకున్నాడు. ఒక చెయ్యి కోసి, దాన్నే బోర్లించి రెండోది కోశాడు. అప్పుడు రెండూ ఒక్కలా ఉండాలి. అయినా కుడిది ఆగింది. ఆ రోజు అన్నం సయించలేదు. ఆటలో చెయ్యే కదా ప్రాణం. పిల్ల అంత కష్టపడి టీములో చోటు సంపాదించుకుంటే, తండ్రి కుట్టిన జాకెట్ దాని చెయ్యి కట్టేస్తోంది.

చివరికి సిగ్గు విడిచి, వీధి చివర టైలరక్క దగ్గరికి వెళ్లాడు. ఆవిడ కళ్లజోడు ముక్కు మీదికి జార్చి జాకెట్‌ని అటూ ఇటూ తిప్పింది.

"చంక ఇంత కిందికి దించావేంటి మేస్త్రీ?"

"పట్టేస్తోందంటే వదులు చేశానక్కా."

"అందుకే పట్టేస్తోంది. పైకి జరుపు. చంకలోకి ఇరికించు. చెయ్యెత్తితే చెయ్యొక్కటే లేవాలి, జాకెట్ దాని వెంట పోకూడదు."

"ఇరుకు చేస్తే వదులవుతుందా?"

"మనుషులకి కుట్టేటప్పుడు అంతే. ఇంటికెళ్లి కోసి చూడు, నా మాట అబద్ధమైతే నా మిషను నీకిచ్చేస్తా."

ఆవిడ చెప్పినట్టే కోశాడు. చంక కింద పలకలాంటి చిన్న ముక్క కూడా వేశాడు. కుట్టడం పూర్తయ్యేసరికి భార్య ఫ్యాక్టరీ నుంచి వచ్చింది. ఆవిడ చెప్పులు విడవకముందే జాకెట్ తొడిగాడు. తల్లీకూతుళ్ల భుజాలు ఒక్కటే కొలత.

"ఎత్తు."

ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది. నడుము పట్టీ కదల్లేదు. అటక మీది డబ్బా అందుకుంది, దించింది. అక్కడితో ఆగక, ఊహలో బంతి విసిరి నెట్ మీదుగా కొట్టి, గంతేసింది. "సారుకి చెప్పండి, టీములోకి నేనొస్తా. మీ పొట్టిని ప్యాకింగ్‌కి పంపండి!"

మేస్త్రీ ఎన్నాళ్లకో పళ్లు కనిపించేలా నవ్వాడు. "పొట్టీ! రావే, కుదిరింది!"

పిల్ల వచ్చింది. తల్లి విడిచిన జాకెట్ మెల్లగా తొడుక్కుంది. ముందు ఎడమ చెయ్యి ఎత్తింది. అది నేరుగా పైకి వెళ్లింది. తర్వాత కుడి చెయ్యి. భుజం ఎత్తుకి వచ్చి ఆగింది.

మేస్త్రీ పిల్ల చుట్టూ తిరిగి చూశాడు. కుడి వైపు గుడ్డ ఎక్కడా లాగడం లేదు. చంక దగ్గర ముడత లేదు, వీపు మీద ముడత లేదు. గుడ్డ వదులుగా, తీరిగ్గా ఉంది. చెయ్యి మాత్రం లేవడం లేదు. ఇదే జాకెట్ ఇప్పుడే తల్లి ఒంటి మీద అటక దాకా వెళ్లింది.

ఆయన ముందుకొచ్చి బటన్లు విప్పాడు. "జాకెట్ తియ్యమ్మా."

పిల్ల తీసింది. తియ్యడానికి చాలాసేపు పట్టింది.

"ఇప్పుడు ఎత్తు."

"ఎందుకు నాన్నా?"

"ఎత్తు."

ఒట్టి చొక్కాలో ఉన్న కుడి చెయ్యి భుజం దాకా వచ్చి, వణికి, కిందికి జారింది.

ఎన్నో చిన్న సంగతులు ఒక్కసారిగా మేస్త్రీ కళ్లముందుకి వచ్చాయి. మోకాళ్ల దాకా ఉన్న జడ కత్తిరించుకొస్తే ఇప్పటి పిల్లల సోకులనుకున్నారు. దువ్వుకోవడానికి చెయ్యి తల దాకా వెళ్లడం లేదని అనుకోలేదు. పుస్తకాల సంచి ఎడమ భుజానికి మారింది. పై అరలో కంచం కావాలంటే నాన్నని పిలిచేది, అదేదో గారం అనుకుని మురిసిపోయాడు. అన్నిటికంటే గుండెని నలిపేసింది ఇంకొకటి. తన చెయ్యి. ఆ మోచేతి కింద పెట్టి, ఇంకొంచెం ఇంకొంచెం అంటూ, ప్రతిసారీ పైకి నెట్టిన తన చెయ్యి.

"ఎప్పటినుంచే?" తల్లి గొంతు కీచుగా వచ్చింది.

"టీములోకి తీసుకున్న కొత్తలో పడ్డాను. తగ్గిపోతుందనుకున్నా."

"మరి ఆడుతున్నావుగా?"

"వెనక వరసలో ఆడతానని సార్‌ని అడిగా. అక్కడ చెయ్యెత్తే పనుండదు. కింద వచ్చే బంతులు దూకి తియ్యడమే."

"దూకి అంటే? దేని మీద పడతావ్?"

పిల్ల ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుంది. దాని మీదే పడుతోందని వాళ్లకి అర్థమైంది.

మేస్త్రీ మిషను స్టూలు మీద కూలబడ్డాడు. "ఇన్నిసార్లు కుట్టాను, ఇన్నిసార్లు విప్పాను. ఒక్కసారి చెప్పొచ్చుగా అమ్మా?"

"పట్టేస్తోందా అని నువ్వే అడిగావ్. నేను ఊ అన్నానంతే" అంది పిల్ల. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ఒక్కోసారి నాక్కూడా జాకెట్‌దే తప్పేమో అనిపించేది నాన్నా. ఈసారి నువ్వు సరిగ్గా కుడితే లేస్తుందేమో అనుకునేదాన్ని."

ఆ మాటకి తల్లి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వచ్చే వారం పై స్థాయి పోటీలకి ఎంపిక ఉంది. అంతవరకూ ఎవరికీ చెప్పొద్దని పిల్ల బతిమాలింది. సారుకి తెలిస్తే చోటు పోతుంది, మళ్లీ రాదు. తల్లి కాస్త మెత్తబడింది. "ఇన్నాళ్లు ఓర్చుకుంది, ఈ ఒక్క ఆట..." మేస్త్రీ ఒప్పుకోలేదు. చిల్లు పడ్డ రెక్సిన్‌ని లాగేకొద్దీ ఏమవుతుందో ఆయనకి తెలుసు. ఆ చిల్లు దగ్గర మొదలైన చిరుగు పక్క చిల్లు దాకా పాకుతుంది. పిల్ల భుజం లోపల కూడా అలాంటిదే జరుగుతోందనుకున్నాడు.

మర్నాడు షెడ్డుకి వెళ్లకుండా బడికి వెళ్లాడు. సారు నెట్ కడుతున్నాడు. మేస్త్రీ చెప్పిందంతా విన్నాడు. చేతిలో తాడు అలాగే ఉంది.

"వెనక వరసకి ఎవరూ రారండీ. అందరికీ ముందు నిలబడి కొట్టాలనే. మీ అమ్మాయి తనంతట తనే అడిగితే ఎంత మంచి పిల్ల అనుకున్నా" అన్నాడు. తర్వాత నేల చూస్తూ, "ఎంపికకి ఇంకొకర్ని చూసుకుంటాను. మీరు డాక్టరుకి చూపించండి" అన్నాడు.

పిల్ల దూరంగా గోడ దగ్గర నిలబడి వాళ్లిద్దర్నీ చూస్తోంది. మేస్త్రీ పలకరించబోయేసరికి వెనక్కి తిరిగి తరగతిలోకి వెళ్లిపోయింది.

డాక్టరు భుజం నొక్కి, వంచి, స్కాన్ తీయించి, ఎముకని పట్టి ఉంచే కండరపు తాడు చిరిగిందన్నాడు. మొదట్లో చిన్నదే. దాని మీదే మళ్లీ మళ్లీ పడటంతో పెద్దదైంది. ఆపరేషన్ చేసి కుట్టాలి. మళ్లీ ఆడుతుందా అని తల్లి అడిగింది. "ముందు తల దువ్వుకోనివ్వండమ్మా" అన్నాడు డాక్టరు. మంచిగానే అన్నాడు.

పిల్ల తండ్రితో మాట్లాడటం మానేసింది. పోట్లాడితే బాగుండేది. ఏం కావాలన్నా తల్లితోనే. ఆయన గదిలోకి వస్తే ఏదో గుర్తొచ్చినట్టు లేచి వెళ్లేది. ఆపరేషన్ అయిన రోజు మత్తులోంచి తేరుకుంటూ మంచినీళ్లడిగింది. ఆయన గ్లాసు అందిస్తే తల్లి వచ్చేదాకా నోరు తెరవలేదు. మేస్త్రీ ఆ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. తప్పు చేశావని ఎవరూ అనలేదు. ఆయన కూడా అనుకోలేదు. అయినా రోజూ మెలకువ రాగానే మొదట గుర్తొచ్చేది, గోడ దగ్గర నిలబడి చూస్తున్న ఆ పిల్ల మొహమే.

ఇంటికొచ్చాక చొక్కా తొడగడం ఒక పెద్ద పని అయింది. తల్లి పొద్దున్నే వెళ్లిపోతుంది కాబట్టి ఆ పని మేస్త్రీ మీద పడింది. ఆస్పత్రిలో నర్సమ్మ చూపించింది. నొప్పి ఉన్న చెయ్యి ముందు తొడగాలి, తీసేటప్పుడు చివర తియ్యాలి. బాగున్న చెయ్యి ఎలాగోలా సర్దుకుంటుంది. ఆయన ముందుగా చొక్కా చేతిని మొత్తం తన గుప్పిట్లోకి కుచ్చుగా పోగేసి, అందులోంచి పిల్ల వేళ్లు పట్టుకుని, గుడ్డనే చేతి మీదుగా పైకి నడిపించేవాడు. చెయ్యి కదిలేది కాదు. పిల్ల కిటికీ వైపు చూస్తూ నిలబడేది.

కొన్నాళ్లకి సారు కబురు పంపాడు. టీము ఆఖరి ఆట ఉందట, మీ అమ్మాయి వచ్చి బెంచీ మీద మాతో కూర్చోవచ్చు అన్నాడు. రానంటుందనుకున్నారు. పిల్ల మాత్రం "జాకెట్ ఎక్కడుందమ్మా?" అని అడిగింది.

ఆ రోజు తల్లి సెలవు పెట్టింది. మేస్త్రీ జాకెట్ తీసి, బటన్లు విప్పి, కుడి చెయ్యిని గుప్పిట్లోకి పోగేశాడు. రెక్సిన్ చొక్కాలా కుచ్చు రాదు, మొరాయిస్తుంది. కాస్త కాస్తగా నడిపించాడు. భుజం దాకా వచ్చాక కాలరు సర్దాడు. భుజం మీద చెయ్యి వెయ్యబోయి ఆపుకున్నాడు.

పిల్ల అద్దంలో చూసుకుంది. ఇన్నాళ్లూ కట్టులో ఉండి కుడి చెయ్యి సన్నబడిపోయింది. ఎడమ వైపు నిండుగా ఉన్న రెక్సిన్, కుడి వైపు గాలి తీసిన సంచిలా వేలాడుతోంది.

"ఇటు లూజుగా ఉంది" అంది.

ఎవరితో అందో మేస్త్రీకి వెంటనే తెలియలేదు. అద్దంలో చూస్తే ఆ కళ్లు తనవైపే ఉన్నాయి.

"రెండు నిమిషాలు ఆగమ్మా. లోపల్నుంచి ఒక కుట్టు వేస్తే సరిపోతుంది. పైకి తెలియదు" అన్నాడు తడబడుతూ. చెయ్యి అప్పుడే సూది కోసం వెతుకుతోంది.

"వద్దులే నాన్నా. మళ్లీ విప్పాలిగా." పిల్ల ఎడమ చేత్తో కుడి చేతి మీది రెక్సిన్‌ని నొక్కి చూసుకుంది. "చెయ్యి మళ్లీ నిండుతుంది కదా?"

మేస్త్రీ భార్య వైపు చూశాడు. ఆవిడ గుమ్మం దగ్గర వంగి చెప్పులు వెతుకుతోంది. చెప్పులు ఎదురుగానే ఉన్నాయి.

"నడవండి, బస్సు పోతుంది" అంది ఆవిడ, తల ఎత్తకుండా.